మానని పుండు, పొట్ట మీద ఇంజక్షన్, డెంగీలో లీకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ప్రశ్నలు ఎక్కువగా విజయవాడ, గుంటూరు నుంచే వచ్చాయి. వాటిల్లో ఒకదానిలో హెపారన్ సల్ఫేట్ అనే పేరు ఉంది, రాసినావిడ ఆ పేరు చూసి బెదిరిపోయారు. మిగతా ప్రశ్నలు చదువుతూ పోతే అవి రాసినవాళ్లలోనూ నలుగురైదుగురు, పేరు తెలియకుండానే, తిరిగి తిరిగి దాని దగ్గరికే వచ్చారు. అందుకని జుట్టు రాలడం, గ్యాసు ట్రబుల్ వచ్చే నెలకి వాయిదా వేసి వీటినే తీసుకున్నాను. మొదటి జవాబు పొడుగ్గా ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మా మామయ్యగారికి 63 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. భవానీ దీక్షలో చెప్పుల్లేకుండా తిరిగారు, కుడి అరికాల్లో బొటనవేలి కింద పుండు పడింది. నొప్పి లేదు కదా అని ఆయన పట్టించుకోలేదు, మూడు నెలలైనా మానలేదు. డాక్టరుగారు గ్రోత్ ఫ్యాక్టర్ జెల్ రాశారు, రేటు చూస్తే కళ్లు తిరిగాయి. మా ఆడపడుచు కొడుకు ఎమ్మెస్సీ చదువుతున్నాడు, "అది రాసినా పట్టుకోడానికి అక్కడ హెపారన్ సల్ఫేట్ ఉండాలి అత్తయ్యా, లేకపోతే దండగే" అన్నాడు. అదేంటి? దానికి బిళ్లలు ఉంటాయా? (ఒక గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: ముందు బిళ్లల సంగతి తేల్చేద్దాం అమ్మా, పుండు మాన్పడానికి హెపారన్ సల్ఫేట్ బిళ్లలు లేవు. ఉన్నాయని ఎవరైనా అమ్మితే కొనకండి. ఆ అబ్బాయి చెప్పింది ఊరికే అన్న మాటేమీ కాదు, కాకపోతే జెల్ దండగ అనేంత దూరం వెళ్లక్కర్లేదు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా, కణాల మధ్య ఉండే పదార్థంలోనూ కొన్ని ప్రోటీన్లకి పొడవాటి చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. చక్కెర అన్నాను కదా అని గ్లూకోమీటరులో కనిపించే షుగర్ అనుకోకండి, ఇది కణం తన అవసరానికి తనే తయారు చేసుకునేది. రెండు రకాల చక్కెర ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి, అలా పదుల జతలు, ఒక్కోసారి వంద దాటి, వాటి మీద అక్కడక్కడా సల్ఫేట్లు. ఈ గొలుసే హెపారన్ సల్ఫేట్. ప్రోటీనుతో కలిపి చెప్పాలంటే హెపారన్ సల్ఫేట్ ప్రోటియోగ్లైకాన్. సల్ఫేట్ల వల్ల గొలుసు పొడుగునా నెగెటివ్ చార్జి ఉంటుంది, గ్రోత్ ఫ్యాక్టర్లలో (కణాలని పెరగమని చెప్పే ప్రోటీన్లు) చాలావాటికి ఒక పక్కన పాజిటివ్ చార్జి పోగుపడి ఉంటుంది, అందుకని అటుగా వచ్చిన గ్రోత్ ఫ్యాక్టరు తుమ్మకంపకి పంచె అంచు తగులుకున్నట్టు ఈ గొలుసుకి తగులుకుంటుంది.

అయితే పట్టి ఉంచడంతోనే దీని పని అయిపోదు. చర్మం, రక్తనాళాలు పెరగడానికి పనికొచ్చే ఎఫ్‌జీఎఫ్-2 అనే గ్రోత్ ఫ్యాక్టరు మీద 1991లో ప్రయోగాలు జరిగాయి. కణం మీద దాన్ని అందుకునే ప్రోటీను, అంటే రిసెప్టర్, ఉన్నా సరే, హెపారన్ సల్ఫేట్ లేకుండా చేస్తే ఆ కణాలు ఎఫ్‌జీఎఫ్-2కి సరిగ్గా స్పందించలేదు. అంటే గ్రోత్ ఫ్యాక్టరు, రిసెప్టర్, ఈ గొలుసు, మూడూ ఒక్కచోట కలిస్తేనే పెరగమన్న కబురు కణం లోపలికి గట్టిగా అందుతుంది. మీ ఇంటి ఎమ్మెస్సీ కుర్రాడు చెప్పింది ఇదే.

ఇప్పుడు పుండు దగ్గరికి వద్దాం. దెబ్బ తగిలిన చోటికి తెల్లకణాలు రావాలంటే రక్తనాళం లోపలి గోడ మీద వాటికి గుర్తు కనిపించాలి, ఆ గుర్తులుగా పనిచేసే కీమోకైన్లని రక్తప్రవాహంలో కొట్టుకుపోకుండా గోడకి పట్టి ఉంచేది ఈ గొలుసులే. చర్మం అడుగున ఉండే పలచని పొరలో పెర్లెకాన్ అనే పెద్ద ప్రోటియోగ్లైకాన్ ఉంటుంది, అది మామూలు రోజుల్లోనే గ్రోత్ ఫ్యాక్టర్లని నిల్వ పెట్టుకుంటుంది. దెబ్బ తగిలినప్పుడు హెపారనేజ్ లాంటి ఎంజైములు గొలుసుని కత్తిరిస్తే ఆ నిల్వ బయటికొస్తుంది. కణాల మీద ఈ గొలుసులు మోసే ప్రోటీన్లలో సిండెకాన్లు అని నాలుగు రకాలు, గ్లైపికాన్లు అని ఆరు రకాలు ఉంటాయి. సిండెకాన్-4 లేకుండా పుట్టించిన ఎలుకల్లో గాయం ఆలస్యంగా మానిందనీ, కొత్త రక్తనాళాలు సరిగ్గా రాలేదనీ 2001లో తేలింది. పెర్లెకాన్ ప్రోటీను ఉంచి దాని మీది హెపారన్ సల్ఫేట్‌ని మాత్రం తగ్గించిన ఎలుకల్లోనూ 2004లో దాదాపు అదే కనిపించింది. నాకు ఈ రెండో ప్రయోగం బాగా నచ్చుతుంది, ఎందుకంటే తప్పు ప్రోటీనుదా గొలుసుదా అనే అనుమానానికి అది చాలావరకు జవాబు చెప్తుంది.

షుగర్ ఉన్నవాళ్ల దగ్గర ఏం జరుగుతుందంటే, రక్తనాళాల లోపలి గోడ మీద ఈ గొలుసులు, ఇలాంటివే మరికొన్ని కలిసి ఒక మెత్తటి పూతలా ఉంటాయి, దాన్ని గ్లైకోకాలిక్స్ అంటారు. ఏ జబ్బూ లేని వాళ్లకి కొన్ని గంటల పాటు రక్తంలో గ్లూకోజు పెంచి ఉంచితే ఆ పూత పరిమాణం దాదాపు సగానికి పడిపోయిందని 2006లో చూశారు. కొన్ని గంటలకే అలా ఉంటే ఏళ్ల తరబడి 250, 300 మీద ఉన్నవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి. పైగా నెలల తరబడి మానకుండా ఉన్న పుండులో ప్రోటీన్లని కోసే ఎంజైములు మితిమీరి ఉంటాయి, అవి అక్కడున్న గ్రోత్ ఫ్యాక్టర్లని, వాటిని పట్టుకునే సరంజామాని, మీరు పైన రాసే జెల్‌ని కూడా వదలవు.

అయినా జెల్ దండగ అనను. పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టరుతో చేసిన జెల్‌కి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. ముఖ్యమైన పరీక్షలో 20 వారాల్లో పూర్తిగా మానినవాళ్లు జెల్ రాసినవాళ్లలో నూటికి 50, మందు లేని జెల్ రాసినవాళ్లలో నూటికి 35. తేడా ఉంది, అద్భుతం మాత్రం కాదు. ఆ 35 మందిని కూడా ఒకసారి చూడండి, వాళ్లకి మందు లేకుండానే, శుభ్రం చేయడం, కట్టు కట్టడం, కాలి మీద బరువు పడకుండా చూడటం వల్లే మానింది. ఆ జెల్ మీద 2008లో క్యాన్సర్ హెచ్చరిక పెట్టారు, 2018లో తీసేశారు. ఇంటర్నెట్టులో పాత పేజీ చూసి టెన్షన్ పడతారేమోనని చెప్తున్నాను. మీ డాక్టరుగారు రాసింది ఏ గ్రోత్ ఫ్యాక్టరో ఆయన్నే అడగండి, అన్నీ ఒకటి కాదు.

ఇక హెపారన్ సల్ఫేట్‌నే మందుగా వాడొచ్చుగా అంటే, ఆ ఆలోచన ఫ్రాన్స్‌లో ఎప్పుడో మొదలైంది. అచ్చం ఈ గొలుసులా ప్రవర్తిస్తూ, హెపారనేజ్‌కి మాత్రం తెగని కృత్రిమ గొలుసులు తయారు చేశారు. పుండులో పాతవి పోయిన చోట ఇవి కూర్చుని, ఒంట్లో ఉన్న గ్రోత్ ఫ్యాక్టర్లనే కాపాడతాయని లెక్క. యూరప్‌లో చర్మం పుండ్లకీ, కంటి నల్లగుడ్డు మీది పుండ్లకీ వాడుతున్నారు. జరిగిన పరీక్షలు చిన్నవి, అందుకని దాన్ని తెప్పించుకోడానికి పరుగులు పెట్టమని నేను చెప్పను.

మీరు ఇప్పుడు చేయాల్సింది వేరే ఉంది. నొప్పి లేకపోవడం మంచి లక్షణం కాదమ్మా, నరాలు మొద్దుబారాయని దానర్థం. ఆయన ఆ పుండు మీదే అడుగు వేసి నడుస్తుంటారు, ప్రతి అడుగుకీ కొత్తగా పుట్టిన కణాలు నలిగిపోతుంటే ఎంత ఖరీదైన జెల్ అయినా ఏం చేస్తుంది? బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టో బూటో వేయమని అడగండి, మానాక ఎంసీఆర్ చెప్పులు (షుగర్ ఉన్నవాళ్ల కోసం చేసే మెత్తటి రబ్బరు చెప్పులు) ఇంట్లో కూడా వేసుకోవాలి. కాలికి రక్తం సరిగ్గా అందుతోందో లేదో డాప్లర్ చేయించారా? ఎముక దాకా వెళ్లిందేమో ఎక్స్‌రే తీశారా? చుట్టూ గట్టిపడిన చర్మాన్ని, చచ్చిన భాగాన్ని కోసి తీసేశారా? ఈ మూడూ జరగకుండా జెల్ మొదలుపెడితే మాత్రం ఆ ఎమ్మెస్సీ అబ్బాయి మాటే నిజమవుతుంది. డబ్బు ఇబ్బందైతే విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనో గుంటూరు జీజీహెచ్‌లోనో సర్జరీ ఓపీకి తీసుకెళ్లండి. పసుపు, కాఫీపొడి, పేస్టు ఏదీ అద్దొద్దు. వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం వచ్చినా మర్నాటి దాకా ఆగకండి.

దీక్ష నియమాల గురించి చెప్పే అర్హత నాకు లేదు. కాలు మొద్దుబారిన మనిషి ఇంద్రకీలాద్రి చుట్టూ తారురోడ్డు మీద వట్టికాళ్లతో నడిస్తే ఏమవుతుందో మాత్రం చెప్పగలను, వచ్చే ఏడు మాల వేసుకునే ముందే గురుభవానీతో ఆ మాట మాట్లాడండి.

ప్రశ్న: మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక రోజూ పొట్ట మీద ఒక ఇంజక్షన్ చేశారు. రక్తం గడ్డకట్టకుండా అన్నారు. అది పంది పేగుల నుంచి తీస్తారని తర్వాత తెలిసింది. మేం శాకాహారులం, అమ్మకి ఇంకా చెప్పలేదు. నిజమేనా? హెపారిన్, హెపారన్ సల్ఫేట్ ఒకటేనా? (ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: నిజమే. హెపారిన్‌ని, దాన్ని ముక్కలు చేసి తయారుచేసే ఎనాక్సాపారిన్‌ని (మీ అమ్మగారికి ఇచ్చింది ఇదే అయివుంటుంది) ప్రపంచంలో ఎక్కువగా పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తారు. అమ్మగారికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, నేనైతే చెప్పేస్తాను, ఎందుకంటే రెండో మోకాలి ఆపరేషన్ ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడుకునే హక్కు ఆవిడది. వేరే దారులు ఉన్నాయి. ఫాండాపారినక్స్ అనే ఇంజక్షన్ పూర్తిగా రసాయనికంగా తయారుచేసింది, 2001 నుంచి వాడకంలో ఉంది. రివరాక్సబాన్, ఎపిక్సబాన్ లాంటి బిళ్లలూ ఉన్నాయి. ఎవరికి ఏది సరిపడుతుందన్నది కిడ్నీల పనితీరు, వయసు, మిగతా మందులు చూసి డాక్టరే తేల్చాలి. మధ్యలో మీ అంతట మీరు మాత్రం ఆపకండి, కాలి రక్తనాళంలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది.

హెపారిన్, హెపారన్ సల్ఫేట్ దగ్గర చుట్టాలు, ఒకటి కాదు. 1916లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి రక్తం గడ్డకట్టించే పదార్థం కోసం వెతుకుతూ, గడ్డకట్టకుండా చేసేదాన్ని పట్టుకున్నాడు. ఆయన గురువు విలియం హోవెల్ రెండేళ్ల తర్వాత, కుక్క కాలేయం నుంచి తీసినదానికి హెపారిన్ అని పేరు పెట్టాడు. గ్రీకులో హెపార్ అంటే కాలేయం. హెపారిన్ తయారీలో దానితోపాటు వచ్చే, సల్ఫేట్లు తక్కువున్న మరో పదార్థాన్ని 1948లో వేరు చేశారు, హెపారన్ సల్ఫేట్ అదే. చాలాకాలం దాన్ని ఎవరూ లెక్కచేయలేదు, రక్తం పల్చన చేసే గుణం దానిలో తక్కువ కాబట్టి. ఇప్పుడు చూస్తే కథ తిరగబడింది. హెపారిన్ మాస్ట్ కణాలు అనే ఒకరకం కణాల్లో మాత్రమే నిల్వ ఉంటుంది, హెపారన్ సల్ఫేట్ ఒళ్లంతా ఉంటుంది.

హెపారిన్ ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి. గొలుసులో ఒకచోట ఐదు చక్కెర ముక్కలు, వాటి మీద సల్ఫేట్లు ఒక ప్రత్యేకమైన క్రమంలో వస్తే ఆ ఐదు ముక్కలకి మన రక్తంలోని యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీను గట్టిగా అంటుకుని, గడ్డకట్టే ప్రక్రియకి అడ్డుపడుతుంది. మామూలు హెపారిన్ గొలుసుల్లో సుమారు మూడో వంతులోనే ఈ ఐదు ముక్కల వరస ఉంటుంది. ఆ ఐదింటినీ ల్యాబులో పేర్చి తయారుచేసిందే ఇందాక చెప్పిన ఫాండాపారినక్స్. పంది మీద ఆధారపడటం మతపరంగానే కాదు, ఇంకోరకంగానూ చిక్కే. 2008లో చైనా నుంచి వచ్చిన హెపారిన్‌లో చవకగా దొరికే మరో సల్ఫేట్ గొలుసుని కల్తీ చేశారు, అమెరికాలో పదుల సంఖ్యలో మరణాలకి దానితో ముడిపెట్టారు. మామూలు పరీక్షల్లో ఆ కల్తీ హెపారిన్‌లాగే కనిపించింది. కల్తీ చేసినవాడికి కెమిస్ట్రీ బాగానే తెలుసు.

ప్రశ్న: మా చిన్నోడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు 40 వేలకి పడిపోయాయని మేం దాతల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే డాక్టరు మాత్రం తాపీగా "ప్లేట్‌లెట్ల గొడవ కాదండీ, ప్లాస్మా లీకవుతోందేమో చూస్తున్నాను" అన్నారు. బాబు ఇంటికొచ్చేశాడు, బాగున్నాడు. కానీ లీకవడం ఏమిటి, ఎక్కడినుంచి? (ఒక తండ్రి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: ఆ డాక్టరుకి నా తరఫున కూడా నమస్కారం చెప్పండి. ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ మన ఊళ్లో ఏటా వానాకాలంలో జరిగే హడావుడి చూస్తుంటే, అసలు ప్రమాదం ఎటునుంచి వస్తుందో జనానికి ఎవరూ చెప్పట్లేదనిపిస్తుంది.

పైన గ్లైకోకాలిక్స్ అన్నాను కదా, రక్తనాళాల లోపల ఉండే పూత. రక్తంలోని నీళ్లు, ప్రోటీన్లు అనవసరంగా బయటికి జారిపోకుండా ఆపేవాటిలో అది ముఖ్యమైనది, అందులో సిండెకాన్-1, దాని మీద హెపారన్ సల్ఫేట్ ఉంటాయి. డెంగీ వైరస్ ఎన్‌ఎస్‌1 అనే ప్రోటీన్‌ని రక్తంలోకి వదులుతుంది. మొదటి రోజుల్లో మీవాడికి చేయించిన ఎన్‌ఎస్‌1 టెస్టు దానికోసమే. ఆ ప్రోటీను రక్తనాళాల కణాల్లో హెపారనేజ్‌ని రెచ్చగొట్టి పూతని చెడగొడుతుందని 2016లో ల్యాబులో చూపించారు. జబ్బు ముదిరినవాళ్ల రక్తంలో, ఊడిపోయిన సిండెకాన్-1 ఎక్కువగా కనిపిస్తుంది. పూత పాడైన చోట ఆ నీళ్లూ ప్రోటీన్లూ, అంటే ప్లాస్మా, కండరాల మధ్యకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. డాక్టర్లు రోజుకి రెండుమూడుసార్లు హెమటోక్రిట్ చూసేది ఈ చిక్కదనం కోసమే.

ఇందులో జనాన్ని మోసం చేసే విషయం ఏమిటంటే, లీకు సాధారణంగా జ్వరం తగ్గే సమయంలో మొదలవుతుంది. "హమ్మయ్య, జ్వరం దిగింది" అని ఇంటికి తీసుకెళ్లిపోయే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. తర్వాతి 24 నుంచి 48 గంటలు కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడుకోవడం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తస్రావం లేనప్పుడు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదని సింగపూర్, మలేషియాల్లో జరిగిన పరీక్షలో 2017లో తేలింది. బొప్పాయి ఆకు రసం గురించి అడగలేదు గానీ అడుగుతారని తెలుసు. అది ప్లేట్‌లెట్ అంకెని కొంచెం కదిపినా, లీకుని ఆపదు. లీకుకి వైద్యం సెలైన్‌ని తగిన మోతాదులో, తగిన వేగంతో ఎక్కించడమే. ఎక్కువైతే అది కూడా ప్రమాదమే, కాబట్టి "ఇంకో బాటిల్ పెట్టండి సార్" అని బతిమాలకండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

ప్రశ్న: మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోశాను. మోకాళ్లు అరిగిపోయాయి. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ బిళ్లలు వాడితే గుజ్జు వస్తుందన్నారు. మేక కాళ్ల సూప్ కూడా తాగుతున్నాను. పనిచేస్తాయా? (ఒక హమాలీ, గుంటూరు)

జవాబు: అన్నా, గుజ్జు మాత్రం రాదు. కాండ్రాయిటిన్ సల్ఫేట్ కూడా ఇలాంటి సల్ఫేట్ గొలుసే, కీలు గుజ్జులో నిజంగానే ఉంటుంది. నోట్లో వేసుకున్నది కడుపులో, పేగుల్లో చాలావరకు ముక్కలైపోతుంది, అది నేరుగా మోకాలికి వెళ్లి అతుక్కోదు. అమెరికాలో 1,583 మందితో చేసిన పెద్ద పరీక్ష 2006లో వచ్చింది, మొత్తమ్మీద చూస్తే ఉత్తుత్తి బిళ్లకీ వీటికీ నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. సూప్ తాగండి, బాగుంటుంది, మాంసకృత్తులు వస్తాయి, అంతే. బిళ్లల మీద నెలనెలా పోసే డబ్బుతో తొడ కండరాలకి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కొన్నాళ్లు వెళ్లండి. కండరం బలపడితే మోకాలికి నొప్పి తగ్గుతుంది, దానికి గట్టి సాక్ష్యం ఉంది. బరువు మోయక తప్పకపోతే కనీసం మెట్లెక్కి మోసే పని కుర్రాళ్లకి వదిలేయండి.

ప్రశ్న: షుగర్ ఉంది, యూరిన్‌లో ఆల్బుమిన్ పోతోందన్నారు. కిడ్నీ జల్లెడలో హెపారన్ సల్ఫేట్ తగ్గడం వల్లేనా? (ఒక రిటైర్డ్ టీచరు, కొత్తపేట, గుంటూరు)

జవాబు: పాత పుస్తకాల్లో అలాగే ఉండేది మాస్టారూ. కిడ్నీ వడపోత పొరలోని నెగెటివ్ చార్జి ఆల్బుమిన్‌ని వెనక్కి నెడుతుందని, ఆ చార్జి ఈ గొలుసులదేనని. తర్వాత ఎలుకల్లో ఆ పొర నుంచి ఈ గొలుసులని దాదాపు తీసేసి చూస్తే పెద్దగా ఆల్బుమిన్ కారలేదు. దాంతో ఆ కథ బలహీనపడింది, ఇప్పుడు చూపు పొర మీద పరుచుకుని ఉండే పాదకణాలు (పోడోసైట్లు) అనే కణాల వైపు, రక్తనాళం లోపలి పూత వైపు మళ్లింది. మీకు కావలసింది మాత్రం మారలేదు, బీపీ, షుగర్ అదుపు, డాక్టరు రాసిన కిడ్నీ మందు మానకుండా వేసుకోవడం.

ప్రశ్న: నేను బైపీసీ సెకండియర్. ప్రోటీన్ ఎలా ఉండాలో డీఎన్‌ఏలో రాసి ఉంటుందని చదివాం. మరి ఈ చక్కెర గొలుసులో సల్ఫేట్ ఎక్కడ పెట్టాలో ఎక్కడ రాసి ఉంటుంది సార్? (ఒక విద్యార్థిని, హాస్టల్ నుంచి, విజయవాడ)

జవాబు: ఎక్కడా రాసి ఉండదమ్మా! నీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది, ఈఏపీసెట్‌లో రాదని వదిలేయకుండా అడిగావు. డీఎన్‌ఏలో ఉండేది గొలుసు తయారుచేసే ఎంజైముల వివరం, గొలుసు నమూనా కాదు. కణంలోని గాల్జీ సంక్లిష్టంలో ముందు ప్రోటీన్ మీది సెరీన్‌కి జైలోజ్, రెండు గాలక్టోజులు, ఒక గ్లూకురోనిక్ ఆమ్లం వరసగా అతుకుతాయి. ఆ తర్వాత ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 అనే రెండు ప్రోటీన్లు జంటగా గొలుసుని పొడిగిస్తాయి. వెనకాలే వేరే ఎంజైములు వచ్చి కొన్నిచోట్ల ఎసిటైల్ తీసి సల్ఫేట్ పెడతాయి, కొన్ని చక్కెరల ఆకారం మారుస్తాయి, మరికొన్నిచోట్ల ఇంకో సల్ఫేట్ చేరుస్తాయి. ప్రతిచోటా పని పూర్తిచేయవు, కొంత వదిలేస్తాయి. అందుకే కాలేయం గొలుసు, మెదడు గొలుసు ఒకలా ఉండవు, ఒకే కణంలో రెండు గొలుసులు కూడా అచ్చుగుద్దినట్టు ఉండవు. అంతా అయి గొలుసు కణం బయటికొచ్చాక కూడా సల్ఫ్ అనే ఎంజైములు కొన్ని సల్ఫేట్లని పీకేసి దిద్దుతాయి. ఇంత గజిబిజిగా తయారైనదాంట్లో యాంటీథ్రాంబిన్‌కి కావలసిన ఆ ఐదు ముక్కల వరస ఎలా కచ్చితంగా వస్తుందన్నది ఇప్పటికీ పరిశోధకులు తల బద్దలు కొట్టుకుంటున్న విషయమే. అన్నట్టు హెర్పిస్ వైరస్, కోవిడ్ వైరస్ కూడా కణంలో దూరే ముందు ఈ గొలుసునే పట్టుకుంటాయి, నోట్సులో ఓ మూల రాసుకో.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. మోకాళ్ల దగ్గర, భుజం దగ్గర ఎముక మీద గట్టి బుడిపెలు. మా ఆయనకీ చిన్నప్పటినుంచి ఉన్నాయి. కుటుంబానికి శాపం అంటున్నారు మా వాళ్లు. (ఒక తల్లి, మంగళగిరి)

జవాబు: శాపం లేదు, ఏమీ లేదు. మీరు చెప్పిన లక్షణాలని బట్టి అది వంశపారంపర్యంగా వచ్చే ఎముక బుడిపెల జబ్బు అయ్యే అవకాశం ఎక్కువ. ఇందాక ఆ అమ్మాయికి చెప్పిన ఈఎక్స్‌టీ1, ఈఎక్స్‌టీ2 జన్యువుల్లో ఏదో ఒకదాంట్లో లోపం ఉంటే వస్తుంది. హెపారన్ సల్ఫేట్ తగ్గడంతో, ఎముక చివర పెరిగే చోట కణాలకి ఎటు పెరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పే సంకేతాలు తప్పుతాయి, అవి పక్కకి బుడిపెలుగా పెరుగుతాయి. తండ్రికో తల్లికో ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా. తండ్రి నుంచి వచ్చిందని ఆయన్నీ, బిడ్డని కన్నందుకు మిమ్మల్నీ ఎవరైనా అంటే ఈ పేజీ చూపించండి.

బుడిపె ఉన్నంత మాత్రాన కోయించక్కర్లేదు. ఎముకల డాక్టరుకి చూపించి ఏడాదికోసారి పరీక్ష చేయిస్తుండాలి. చెయ్యి గానీ కాలు గానీ వంకర పోతున్నా, నరం మీద ఒత్తిడి పడి తిమ్మిరెక్కుతున్నా అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచిస్తారు. ఎదుగుదల ఆగాక బుడిపెలు కూడా పెరగడం ఆగిపోవాలి. మీ ఆయనకి ఈ వయసులో ఏదైనా బుడిపె కొత్తగా పెరిగినా, నొప్పి మొదలైనా ఆలస్యం చేయకుండా స్కాన్ తీయించండి, కొద్దిమందిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. అబ్బాయి కంటే ముందు ఆయన్నే డాక్టరుకి చూపించండి.